ఉప్పు మోసినవాడు, ఉత్తరాలు మోసినవాడు

ఇంకో రెండు కొబ్బరి మట్టలు మంటలో వెయ్యరా పెద్దాడా. అమ్మడూ, నువ్విటు జరుగు, పొగ అటే కొడుతోంది. నిన్న కాకతీయుల ముచ్చట చెప్పుకున్నాం కదా, ఇవాళ చైనా వెళ్దాం.

క్రీస్తుపూర్వం 221 నుంచి 1912 దాకా, అంటే రెండు వేల ఏళ్ళ పైచిలుకు, ఆ దేశాన్ని చక్రవర్తులే ఏలారు. చిన్, హాన్, స్వీ, తాంగ్, సుంగ్, యువాన్, మింగ్, చింగ్. నేను బళ్ళో చరిత్ర చెప్పిన రోజుల్లో పిల్లలు ఈ పేర్లన్నీ గడగడా అప్పజెప్పేవాళ్ళు. ఎవరు నిలబెట్టారు, ఎవరు కూల్చారు అని పుస్తకంలో రెండేసి ముక్కలుండేవి. ఆ కూల్చినవాళ్ళెవరో ఆరా తీస్తే మాత్రం మనసు ఊరుకోదు. పొలం దున్నే పాలేరు ఒకడు. దొంగచాటుగా ఉప్పు అమ్మినవాడు ఒకడు. అడుక్కుతిన్న అనాథ ఒకడు. తపాలా బంగళాలో కొలువు ఊడినవాడు ఒకడు. పరీక్ష తప్పిన పల్లెటూరి పంతులు ఒకడు. రాజ్యం తన లెక్కల్లో ఎప్పుడూ రాసుకోని మనుషులు వీళ్ళు. నా కంటికి చైనా రాజుల చరిత్ర అంటే వీళ్ళ చరిత్రే.

మొట్టమొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్. ఆరు రాజ్యాలను ఒకదాని తరవాత ఒకటి గెలిచి దేశమంతా ఒక్కటి చేశాడు. ఒకే లిపి, ఒకే తూకం, ఒకే కొలత అన్నాడు. బండి చక్రాల మధ్య ఎడం కూడా ఇంతే ఉండాలని శాసించాడు. మధ్యలో చదరపు బెజ్జం ఉన్న గుండ్రటి నాణెం తెచ్చాడు. ఆ తీరు నాణెం రెండు వేల ఏళ్ళు చెలామణీ అయింది. తన తరవాత వచ్చేవాడు రెండో చక్రవర్తి, వాడి తరవాత మూడోవాడు, అలా పదివేల తరాలు లెక్కపెట్టుకోవాలని ఆశపడ్డాడు. పదిహేనేళ్ళలో అంతా అయిపోయింది.

క్రీస్తుపూర్వం 210లో, ఎండాకాలంలో, దేశాటనలో ఉండగా ఆయన దారిలోనే కన్నుమూశాడు. వెంట ఉన్న మంత్రి లీ స్సు, నపుంసకుడైన అధికారి జావ్ గావ్, చావు కబురు బయటికి పొక్కనివ్వలేదు. మూసిన బండిలో శవాన్ని ఉంచి, వేళకి భోజనం లోపలికి పంపుతూ, ఆ బండిలోంచే ఆజ్ఞలు వస్తున్నట్టు నడిపించారు. కుళ్ళు వాసన తెలియకుండా వెనక బండ్లకి ఉప్పుచేపలు ఎక్కించారు. ప్రపంచాన్ని గడగడలాడించినవాడు చేపల కంపు మధ్య రాజధానికి చేరాడమ్మా. ఈలోగా దొంగ ఉత్తరం పుట్టించి, పెద్దకొడుకుని ఆత్మహత్య చేసుకొమ్మని ఆజ్ఞ పంపారు. ఆ కొడుకు తండ్రి మాటే అనుకుని ప్రాణం తీసుకున్నాడు. చేతకాని చిన్నవాణ్ణి గద్దె ఎక్కించారు.

మరుసటి ఏడాది, 209లో, తొమ్మిది వందల మంది రైతుల్ని ఉత్తరాన సరిహద్దు కాపలాకి తోలుకుపోతున్నారు. వాళ్ళలో చెన్ షెంగ్ అని ఒకడు, కూలికి పొలం దున్నినవాడు. దారిలో ఏకధాటి వాన. బాటలు మునిగిపోయాయి. గడువులోగా చేరలేరు. గడువు దాటితే తల తీస్తారని వాళ్ళ భయం. 1975లో ఒక పాత సమాధిలో చిన్ కాలపు చట్టాలు రాసిన వెదురు పలకలు దొరికాయి. వెట్టిపనికి ఆలస్యమైతే జరిమానాతో సరిపెట్టమనీ, వాన అడ్డొస్తే వదిలేయమనీ వాటిలో ఉంది. సైన్యం పనికి వేరే చట్టం ఉండి ఉండొచ్చు. నాకు పెద్దగా అనిపించేది ఒక్కటే. ఆ తొమ్మిది వందల మందికీ తమ ప్రభుత్వం మీద ఉన్న నమ్మకం అది: వాన పడ్డందుకు మనల్ని చంపేస్తుంది అని.

చెన్ షెంగ్, అతని తోడు వూ గ్వాంగ్ కలిసి ఒక ఉపాయం పన్నారు. పట్టుగుడ్డ పీలిక మీద చెన్ షెంగ్ రాజవుతాడని రాసి చేప కడుపులో దూర్చారు. వంటకని చేప కోసినవాళ్ళకి అది బయటపడింది. రాత్రిపూట పక్కనున్న గుడి తోపులోంచి నక్క కూత పెట్టి, ఆ కూతలోనే అదే మాట వినిపించారు. తెల్లారేసరికి అందరి చూపూ చెన్ షెంగ్ మీదే. అప్పుడు కాపలా అధికారుల్ని చంపి, రాజరికం ఎవడికీ పుట్టుకతో వచ్చే హక్కు కాదని ఆ జనానికి చెప్పాడు. అంతవరకూ ఆ మాట అక్కడ ఎవడూ బయటికి అని ఎరగడు. చేతిలో ఆయుధం లేదు. కర్రలు నరుక్కుని వెదురుగడలే జెండాలుగా ఎత్తారు. నెలలు తిరక్కుండా దేశం సగం రగిలింది.

రాజయ్యాక అతని దగ్గరికి పాత పొలం స్నేహితుడు ఒకడు వెతుక్కుంటూ వచ్చాడు. కోటలో ఉంచుకున్నాడు. అతనేమో వచ్చినవాళ్ళందరికీ, మేమిద్దరం ఒక గట్టు మీద కూర్చుని తిన్నవాళ్ళం అని పాత ముచ్చట్లు చెప్పేవాడు. పరువు పోతోందని చెన్ షెంగ్ అతని తల తీయించాడు. మిగతా పాత నేస్తాలందరూ చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. రాజైన ఆరు నెలలకే సొంత బండి తోలేవాడే చెన్ షెంగ్‌ని చంపాడు. ఈ ఒక్క సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు గుండె బరువెక్కుతుంది. గట్టు మీద కూర్చున్న రోజులు మరవకుండా ఉంటే ఏమయ్యేదో!

అతను ముట్టించిన మంటలో గెలిచింది ల్యూ బాంగ్. ఇతనూ గొప్పింటివాడు కాదు, ఒక చిన్న ఠాణాకి అధికారి. చక్రవర్తి సమాధి కట్టే పనికి ఖైదీలను తీసుకెళ్తుంటే సగం మంది దారిలోనే పారిపోయారు. ఎలాగూ తనకి శిక్ష తప్పదని తెలిసి, మిగిలినవాళ్ళనీ వదిలేసి తానూ అడవి పట్టాడు. క్రీస్తుపూర్వం 202లో హాన్ చక్రవర్తి అయ్యాడు. అదే సమాధి పక్కన 1974లో రైతులు బావి తవ్వుతుంటే మట్టి సైనికులు బయటపడ్డారు. పుస్తకంలో బొమ్మ చూశావు కదా చంటీ, వరసలు వరసలుగా నిలబడి ఉంటారు, వాళ్ళే.

హాన్ వంశం మధ్యలో ఒక తెంపు తప్ప నాలుగు వందల ఏళ్ళు నిలిచింది. 184లో పసుపు తలపాగాల రైతులు తిరగబడ్డారు, వాళ్ళని అణచడానికి పంపిన సేనానులే దేశాన్ని పంచుకున్నారు. 220లో హాన్ ముగిసింది. ఆ తరవాత, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, మూడు వందల యాభై ఏళ్ళకి పైగా ముక్కచెక్కలు. మళ్ళీ 589లో స్వీ వంశం ఒక్కటి చేసింది. రెండో స్వీ చక్రవర్తి యాంగ్ ది ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలుపుతూ మహాకాలువ తవ్వించాడు. కాలువ మంచిదే, ఆ తరవాత వెయ్యేళ్ళు ధాన్యం మోసింది. తవ్వినవాళ్ళకి మాత్రం కూడు పెట్టలేదు. కొరియా మీద యుద్ధానికి సముద్రపు ఒడ్డున ఓడలు కట్టించాడు. వడ్రంగులు రాత్రీ పగలూ నీళ్ళలోనే నిలబడి పనిచెయ్యాలి, తలెత్తనిచ్చేవాళ్ళు కాదు. నడుము కింద ఒళ్ళు పాచి పురుగులు పట్టాయని, పదిమందిలో ముగ్గురు నలుగురు చచ్చిపోయారని అక్కడి చరిత్రకారులు రాశారు. మూడేళ్ళు వరసగా దండెత్తాడు, మూడుసార్లూ ఊరికే వెనక్కొచ్చాడు. 618లో సొంత అంగరక్షకులే ఆయన్ని చంపారు.

ఏంటమ్మడూ? మంచి రాజు ఒక్కడూ లేడా అంటావా? ఎందుకు లేడు. స్వీ తరవాత వచ్చిన తాంగ్ వంశంలో తాయ్‌జుంగ్ ఉన్నాడు. అన్ననీ తమ్ముణ్ణీ చంపి గద్దెనెక్కాడు, ఆ మచ్చ పోదు. కానీ తప్పు చేస్తే మొహం మీద చెప్పే మంత్రిని పక్కన పెట్టుకున్నాడు. వెయ్ జెంగ్ అని ఆయన పేరు. ఒకసారి చక్రవర్తి చేతి మీద డేగని ఆడించుకుంటుంటే ఆ మంత్రి వస్తున్నట్టు కనపడింది. రాజ్యం పట్టించుకోకుండా ఆటలా అంటాడని భయపడి డేగని అంగీలో దాచేశాడు. వెయ్ జెంగ్ సంగతి గ్రహించే కాబోలు, మాట్లాడుతూనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన వెళ్ళాక తీసి చూస్తే డేగ ఊపిరాడక చచ్చిపోయింది. లోకమంతా తనకి భయపడుతుంటే, తాను భయపడటానికి ఒక మనిషిని ఉంచుకున్న రాజు ఆయన.

ఆ తాయ్‌జుంగ్ కాలంలోనే హ్యూయెన్‌త్సాంగ్ అనే బౌద్ధ భిక్షువు మన దేశానికి వచ్చాడు. సెలవడిగితే ఇవ్వలేదు, దొంగచాటుగా సరిహద్దు దాటాడు. మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో, అదే మన అమరావతిలో, కొన్ని నెలలు ఉండి ఇక్కడి భిక్షువుల దగ్గర చదువుకున్నాడు. 645లో గ్రంథాలు మోసుకుని తిరిగి వెళ్తే, చెప్పకుండా వెళ్ళావేమని తాయ్‌జుంగ్ శిక్షించలేదు, ఎదురు మనుషుల్ని పంపాడు. మనం పోయినేడు అమరావతిలో చూసిన స్తూపం దిబ్బ ఉందే, దాని చుట్టూ ఆయన తిరిగి ఉంటాడు.

అంత గొప్ప తాంగ్ వంశం ఎలా పోయిందో తెలుసా? ఉప్పుతో. 755లో ఆన్ లూషాన్ అనే సేనాని లేపిన తిరుగుబాటు దేశాన్ని ఏడెనిమిదేళ్ళు అల్లకల్లోలం చేసింది. ఖజానా ఖాళీ అయింది. 758లో ప్రభుత్వం ఉప్పు మొత్తం తన గుప్పిట్లోకి తీసుకుంది. కుంచెడో అడ్డెడో అనుకోండి, వాళ్ళ కొలతకి పది కాసులుండే ఉప్పు ఒక్కసారిగా నూటపది కాసులైంది. అన్నం లేకపోయినా గంజిలోకైనా ఉప్పు కావాలి కదరా. పన్ను కట్టని బీదవాడు ఉండొచ్చు గానీ ఉప్పు తినని బీదవాడు ఉండడు. కొన్నాళ్ళకి ఖజానాకి వచ్చేదాంట్లో సగం ఉప్పు డబ్బే. ధర అంత ఉంటే దొంగ ఉప్పు పుడుతుంది. దొంగ ఉప్పు మోసేవాళ్ళు గుంపులు కట్టారు, కత్తులు పట్టారు, దేశంలో దొడ్డిదారులన్నీ వాళ్ళకి తెలిసిపోయాయి. అంటే తన మీదికి రాబోయే సైన్యాన్ని ప్రభుత్వమే తయారుచేసి పెట్టుకుందన్న మాట.

అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడు హువాంగ్ చావో. చదువుకున్నాడు, ప్రభుత్వ పరీక్షలు రాశాడు, తప్పాడు. కరువొచ్చిన 875లో తిరగబడ్డాడు. ఉత్తరం నుంచి దక్షిణ సముద్రం దాకా దేశమంతా తొక్కాడు. 879లో గ్వాంగ్‌జౌ రేవుని పట్టుకుని అక్కడి అరబ్బు వర్తకుల్ని ఊచకోత కోశాడు. వాణ్ణి దేవుణ్ణి చెయ్యకండి. కడుపు కాలినవాడు కత్తి పట్టినంత మాత్రాన చేతులకంటిన నెత్తురు కడిగేసినట్టు కాదు. 881లో రాజధాని చాంగాన్ చేరాడు, చక్రవర్తి పారిపోయాడు. మూడేళ్ళకి హువాంగ్ చావో చచ్చాడు. కానీ అతని దగ్గర సేనానిగా ఉండి రాజు వైపు ఫిరాయించిన జూ వెన్ అనేవాడు మిగిలాడు. చాంగాన్ మేడల్ని విప్పించి, ఆ కలపని వెయ్ నదిలో తేలేసి లోయాంగ్‌కి చేర్చి, 907లో తాంగ్ వంశాన్నే తుడిచేశాడు. హ్యూయెన్‌త్సాంగ్‌కి స్వాగతం పలికిన నగరం మళ్ళీ ఎప్పుడూ దేశమంతటికీ రాజధాని కాలేదు.

సుంగ్ వంశం సంగతి తొందరగా చెప్పేస్తాను, దాని వైభవం చెప్పాలంటే వేరే రాత్రి కావాలి. కాగితపు డబ్బు, తుపాకి మందు, ఓడలకి దిక్సూచి, అన్నీ వాళ్ళ కాలంలో బాగా వాడకంలోకి వచ్చాయి. ఉత్తరాన్ని 1127లో జిన్ రాజ్యంవాళ్ళు లాక్కున్నారు, దక్షిణాన్ని మంగోలులు. 1279లో చిట్టచివరి సముద్రపు పోరులో ఓడిపోయాక లూ షియుఫు అనే మంత్రి పసివాడైన చక్రవర్తిని వీపున కట్టుకుని సముద్రంలో దూకేశాడు. ఆ బాలుడికి నీ వయసేరా చంటీ.

అప్పటికే మంగోలు కుబ్లాయ్ ఖాన్ యువాన్ అని తన వంశానికి పేరు పెట్టుకున్నాడు. ఆయన కొలువులో ఉండి వెనక్కి వెళ్తూ మార్కోపోలో మన తీరం సంగతీ చెప్పాడు. ముత్ఫిలి అని ఆయన రాయించింది మన మోటుపల్లే. ఒక రాణి ఇక్కడ న్యాయంగా ఏలుతోందనీ, సాలెగూడంత సన్నని బట్ట నేస్తారనీ, వజ్రాలు దొరుకుతాయనీ చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవి అని పండితులు తేల్చారు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో, బయటిదేశాల వర్తకులకి మీ సొత్తుకి నాది పూచీ అని వేయించిన అభయ శాసనం మోటుపల్లి వీరభద్రస్వామి గుళ్ళో ఉంది. సంక్రాంతి వెళ్ళాక తీసుకెళ్తా.

ఇప్పుడు అసలైన ముచ్చట వినండి. 1344. హువాయ్ నది దగ్గర ఒక పల్లె. పైరు ఎండింది, మిడతలు దిగాయి, అంటురోగం వచ్చింది. జూ అనే కౌలురైతు ఇంట్లో కొద్దిరోజుల్లోనే తండ్రి పోయాడు, పెద్దకొడుకు పోయాడు, తల్లి పోయింది. మిగిలిన పిల్లల్లో ఒకడికి పదహారేళ్ళు. పాతిపెట్టడానికి జానెడు నేల లేదు. భూస్వామి కసిరి పంపేశాడు. శవపెట్టె లేదు, పాత గుడ్డలే చుట్టారు. చివరికి పొరుగువాడు ఒకడు జాలిపడి తన చేలో చోటిచ్చాడు. ఆ కుర్రవాడు బౌద్ధ మఠంలో చేరితే అక్కడా తిండి లేక యాభై రోజులకే భిక్షాపాత్ర ఇచ్చి బయటికి పంపారు. మూడేళ్ళు ఊళ్ళు పట్టుకుని అడుక్కున్నాడు.

యువాన్ ప్రభుత్వం 1351లో పసుపు నదిని మళ్ళించడానికి లక్షన్నర మందిని వెట్టికి లాక్కొచ్చింది. ఆకలితో ఉన్న లక్షన్నర మందిని ఒకచోట పోగెయ్యడం ఎంత ప్రమాదమో ఎవరూ ఆలోచించలేదు. ఒంటికన్ను రాతిమనిషి కనిపిస్తే లోకం తలకిందులవుతుందని ముందే పాట పుట్టించి, ఆ కాలువ తవ్వే చోటే రాతిమనిషిని పాతిపెట్టారు, తిరుగుబాటుకి కాచుకున్నవాళ్ళు. చెన్ షెంగ్ చేప గుర్తుందా, అదే ఎత్తు, పదిహేను వందల ఏళ్ళ తరవాత. ఎర్ర తలపాగాల తిరుగుబాటు లేచింది. 1352లో మన భిక్షువు వాళ్ళలో చేరాడు. 1368లో నాన్‌జింగ్‌లో చక్రవర్తి అయ్యాడు. ఆయనే మింగ్ వంశకర్త జూ యువాన్‌జాంగ్.

తల్లిదండ్రుల సమాధి మీద శాసనం వేయించాలనుకున్నాడు. ఆస్థాన పండితులు తీపిమాటలతో రాసుకొచ్చారు. నచ్చలేదు. నా కష్టాలు దాచిపెడితే నా మనవలకి ఏం తెలుస్తుందని తానే కూర్చుని రాశాడు. మిడతలూ, రోగం, భూస్వామి కసురుకోవడం, చోటిచ్చిన పొరుగువాడి దయ, గుడ్డల్లో చుట్టిన శవాలు, అన్నీ రాశాడు. ఆ రాయి ఫెంగ్‌యాంగ్‌లో ఇప్పటికీ నిలబడి ఉంది. ఏ దేశంలోనైనా మా అమ్మానాన్నలకి పాతిపెట్టే చోటు లేకపోయింది అని రాతి మీద చెక్కించిన రాజుని నేను ఇంకొకణ్ణి ఎరగను.

అదే చేత్తో, అనుమానం పెనుభూతమై, ప్రధానమంత్రి దగ్గర మొదలుపెట్టి వేలకి వేలమందిని చంపించాడు. ఇంకో పని చేశాడు, అదే ఆయన వంశానికి ఉరితాడైంది. తన పిల్లల పిల్లలెవరూ తనలా ఆకలితో మాడకూడదని, వాళ్ళందరికీ ప్రభుత్వమే ధాన్యం ఇవ్వాలని, వాళ్ళు వేరే వృత్తి చెయ్యరాదని కట్టడి పెట్టాడు. తండ్రిగా నాకు ఆ ఆరాటం అర్థమవుతుంది. రెండు వందల ఏళ్ళకి వాళ్ళు వేలకి వేలయ్యారు. 1562లో ఒక అధికారి లెక్క తీస్తే షాన్షీలో, హెనాన్‌లో ప్రభుత్వం దగ్గరున్న ధాన్యం కంటే ఈ రాచబిడ్డలకి కొలవాల్సింది రెట్టింపు దాటింది. అనాథ ఆకలి ఖజానాని తినేసింది.

1628 నుంచి షాన్షీకి పడమరన ఉన్న షెన్షీలో వానల్లేవు. జనం గడ్డి గింజలు తిన్నారు, అవి అయిపోతే చెట్టు బెరడు, అదీ అయిపోతే కొండరాళ్ళు పొడిచేసి మింగారు. కడుపు ఉబ్బి పోయేవాళ్ళు. అప్పటి చక్రవర్తి చోంగ్‌జెన్ దుర్మార్గుడు కాదు. పొద్దస్తమానం పనిచేసేవాడు. ఈశాన్యంలో మంచూలతో యుద్ధానికి డబ్బు కావాలి. ఎక్కడ మిగుల్చుదామా అని చూస్తే తపాలా బంగళాలు కనపడ్డాయి. గుర్రాలు మార్చుకుంటూ రాజాజ్ఞలు మోసే ఆ ఠాణాల్ని 1629లో తెగ్గోశాడు. వేలమంది గుర్రాలవాళ్ళు వీధిన పడ్డారు, అదీ కరువులో. కాగితం మీద చూస్తే అది పొదుపే. వాళ్ళలో మీజీ ఊరివాడు ఒకడు, లీ జిచెంగ్.

చేరదగ్గ చోటు ఒక్కటే, దొంగల గుంపు. చేరాడు. మేము వస్తే పన్నుల్లేవని ఊరూరా పాటలు పాడించాడు. 1641లో లోయాంగ్ పట్టుకుని, చక్రవర్తి చిన్నాన్నని, కరువులో గాదెల నిండా ధాన్యం పెట్టుకు కూర్చున్నవాణ్ణి చంపి, ఆ గాదెలు జనానికి తెరిచాడు. 1644 ఏప్రిల్‌లో బీజింగ్ గోడల దగ్గరికి వచ్చాడు. ఆ తెల్లవారుజామున చోంగ్‌జెన్ తన చేత్తో గంట మోగించి మంత్రుల్ని పిలిచాడు. ఒక్కడూ రాలేదు. అంతకుముందు రాత్రే భార్యని ఉరేసుకొమ్మన్నాడు, శత్రువుల చేతికి చిక్కకూడదని కూతురి మీద కత్తి దూశాడు, ఆ పిల్ల చెయ్యి తెగింది. ఒక్క నౌకరుని వెంటబెట్టుకుని కోట వెనకున్న కొండెక్కి చెట్టుకి ఉరిపోసుకున్నాడు. ముప్పైమూడేళ్ళు. పదిహేడేళ్ళు సెలవు లేకుండా చాకిరీ చేసిన మనిషి. ఆయన మీద నాకు జాలి, ఉద్యోగం పోయిన ఆ గుర్రాలవాడి మీదా జాలే.

లీ జిచెంగ్ బీజింగ్‌లో ఉన్నది నలభై రెండు రోజులే. అతని సేనానులు వెండి కోసం పాత అధికారుల కాళ్ళు చెక్కల మధ్య నొక్కించారు. షాన్‌హాయ్ కనుమ కాస్తున్న మింగ్ సేనాని వూ సాంగ్వీ, వీడికి లొంగే కంటే నయమని మంచూలకి తలుపు తీశాడు. అలా వచ్చినవాళ్ళదే ఆఖరి వంశం, చింగ్.

చింగ్‌వాళ్ళ మొదటి నూట యాభై ఏళ్ళు బాగా నడిచాయి. జనం రెట్టింపయ్యారు, నేల రెట్టింపు కాలేదు. తరవాత ఇంగ్లీషువాళ్ళు మన బెంగాల్, బీహార్ పొలాల్లో పండించిన నల్లమందు వాళ్ళ మీద రుద్దారు. కాదన్నందుకు 1839లో యుద్ధం. ఆ యుద్ధానికి ఇక్కడి నుంచి మద్రాసు సిపాయిల్ని ఓడలెక్కించారు. ఆ మద్రాసు సైన్యంలో మన తెలుగు జిల్లాల నుంచి చేరినవాళ్ళు చాలామంది. 1841 మేలో గ్వాంగ్‌జౌ బయట సాన్‌యువాన్‌లీ అనే పల్లె దగ్గర, కుండపోత వానలో తుపాకి మందు తడిసిపోయి, 37వ మద్రాసు పటాలం జట్టు ఒకటి దారి తప్పింది. వేలమంది రైతులు ఈటెలు, కొడవళ్ళతో చుట్టుముట్టారు. పొలం వదిలి జీతానికొచ్చిన రైతుబిడ్డ ఒకవైపు, పొలం కాచుకునే రైతు ఇంకోవైపు. ఇద్దరి మధ్యా పగ ఏముంది చెప్పండి!

ఓడిన చింగ్‌ ప్రభుత్వం నష్టపరిహారం వెండి కూడా జనం నెత్తినే వేసింది. అదే గ్వాంగ్‌జౌ దగ్గర హాంగ్ షియుచువాన్ అనే పల్లె పంతులు ప్రభుత్వ పరీక్ష మళ్ళీ మళ్ళీ తప్పాడు. జబ్బుపడి కలలు కన్నాడు. తాను ఏసుక్రీస్తు తమ్ముణ్ణని నమ్మాడు. 1851లో లేచాడు, నాన్‌జింగ్‌ని పదకొండేళ్ళు ఏలాడు. 1864లో అది ముగిసేసరికి రెండు కోట్ల మంది పోయారని అంచనా. ఆ తరవాత చింగ్ లేచి నిలబడలేకపోయింది. 1911 అక్టోబరులో హాన్‌కౌలో చాటుగా తయారుచేస్తున్న బాంబు పొరపాటున పేలి, కుట్రలో ఉన్న సైనికుల పేర్ల జాబితా పోలీసుల చేతికి పోయింది. ఎలాగూ పట్టుబడతామని తెలిసి, మర్నాటి రాత్రి వూచాంగ్‌లో సిపాయిలు తుపాకులెత్తారు. వానలో చిక్కుకున్న ఆ తొమ్మిది వందల మంది పరిస్థితి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. 1912 ఫిబ్రవరి 12న ఆరేళ్ళ చక్రవర్తి పూయీ తరఫున రాజమాత గద్దె వదిలేసింది.

ఇంకో సంగతి చెప్పి లేస్తాను. పోయిన వంశం చరిత్రని వచ్చిన వంశం రాయించడం అక్కడి ఆనవాయితీ. ఆ పుస్తకాల్లో హువాంగ్ చావో, లీ జిచెంగ్ లాంటివాళ్ళు ద్రోహులు, దొంగలు అనే అధ్యాయాల్లో ఉంటారు. ఒక్క సీమా చియన్ మాత్రం అలా చెయ్యలేదు. హాన్ కాలంలో, చెన్ షెంగ్ పోయిన వందేళ్ళకి చరిత్ర రాస్తూ, ఆ పొలం కూలీ బతుకుని రాజకుటుంబాల చరిత్రల వరసలో పెట్టాడు. కోటలో స్నేహితుడి తల తీయించిన సంగతి దాచకుండానే పెట్టాడు. చచ్చిపోయినా, అతను పంపిన మనుషులే చిన్ రాజ్యాన్ని కూల్చారని కారణం రాశాడు. ల్యూ బాంగ్ చక్రవర్తయ్యాక చెన్ షెంగ్ సమాధి కాచేందుకు ముప్పై కుటుంబాల్ని పెట్టాడనీ, తన కాలం దాకా అక్కడ నైవేద్యం ఆగలేదనీ రాశాడు. ఓడిన సేనాని ఒకడి తరఫున నిజం మాట్లాడినందుకు చక్రవర్తి సీమా చియన్‌ని బీజాలు కోయించి అవమానించాడు. చావు కోరుకోవాల్సిన చోట పుస్తకం పూర్తి చెయ్యాలని బతికాడు. ఆయన గురించి రేపు చెప్తాను.